పీఠం కింద పసుపు

అతను నా బొమ్మను తలకిందులు చేసి, పీఠం కింద ఫోన్ టార్చి వేసి, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ చూపించాడు. పదిమంది తలలు వంచి చూశారు. ఇద్దరు నవ్వారు. ఇది హిందూపురంలో, ఒక కళ్యాణ మండపంలో, పట్టపగలు జరిగింది. నెలలు గడిచిపోయాయి. నాకు కోపం తగ్గలేదు. తగ్గాలని నేను అనుకోవడం కూడా లేదు.

మాది ధర్మవరం. నా పని పడుగు అతకడం. పట్టుచీర నేసే మగ్గం మీద నిలువు పోగులు అయిపోవస్తే, ఆ పాత పోగుల చివరలకు కొత్త పోగుల చివరలు ఒక్కొక్కటే కలిపి మెలివేయాలి. వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని రెండు పోగులను పట్టి నలిపితే అతుక్కుంటాయి. అట్లా ఒక్కో మగ్గానికి వేల పోగులు. నేసినవాడికి పేరుంటుంది, అమ్మినవాడికి అంగడి ఉంటుంది, అతికినదానికి నడుం నొప్పి ఉంటుంది. నలభై ఏళ్ళ నుంచి ఇదే పని. అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. అవి ఎట్లా వచ్చాయన్నది వేరే కథ, ఇక్కడ రాయను.

జపాన్ బొమ్మలు నా చెల్లెలి కూతురి వల్ల వచ్చాయి. ఆమె హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో సూపర్వైజరు, ఆ ఊళ్ళోనే గది తీసుకుని ఉంటుంది. సెలవుకు మా ఇంటికి వచ్చినప్పుడు ఫోన్లో ఏవో కార్టూన్లు చూసేది. కార్టూన్ అంటే దానికి కోపం. "కార్టూన్ కాదు పెద్దమ్మా, యానిమే" అని ప్రతిసారీ దిద్దుతుంది. తెలుగు మాటలతోనే వస్తాయి. అతుకు పనిలో చేతులకూ కళ్ళకూ పని గానీ చెవులు ఖాళీ. మొదట వినేదాన్ని. తర్వాత పని అయ్యాక కూర్చుని చూడటం మొదలుపెట్టాను. ఆ కథల్లోని మనుషులను బొమ్మలుగా చేసి, ఫిగర్లని పేరుపెట్టి అమ్ముతారని, వాటిని కొని దాచుకునేవాళ్ళు ఉన్నారని అదే చెప్పింది. ఒకసారి నాకొక బొమ్మ తెచ్చిచ్చింది. కత్తి పట్టుకున్న పిల్ల, జానెడు ఎత్తు.

నాకు ఆ పిల్ల ముఖం కంటే గుడ్డ నచ్చింది. గాలికి లేచిన వదులు చేతుల అంగీ. మడతల లోపలి నీడను కూడా రంగుతో వేశారు. అంచులోని పూలు మడత లోపలికి పోయి, దారి తప్పకుండా మళ్ళీ బయటికి వచ్చాయి. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినదానికి అది చూడగానే తెలుస్తుంది, ఎవరో కూర్చుని కష్టపడ్డారని. ఆ తర్వాత ఒక్కొక్కటే చేరి పదకొండయ్యాయి. స్టీలు సామాన్లు ఉండే అద్దాల బీరువాలో పై రెండు అరలు ఖాళీ చేశాను.

దానికి వీధంతా నన్ను అడిగింది. "ఏమక్కా, బొమ్మల కొలువు పెడతాండావా?" "మనవరాళ్ళు కూడా లేరే నీకు, ఎవురికి ఇవన్నీ?" నేను పడుగులు అతికే షావుకారు ఇంట్లో గోడంతా గడియారాలే. ఒక్కొక్కటి ఒక్కో టైము చూపిస్తుంది. ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. వచ్చినవాళ్ళంతా తల ఎత్తి చూసి "బలే ఉండాయి సామీ" అంటారు. నేను కూడా అన్నాను. అది గుర్తొస్తే నా మీద నాకే మండుతుంది.

ఇక పసుపు సంగతి. మా ఇళ్ళల్లో మగ్గానికి కొత్త పడుగు ఎక్కితే పసుపు కుంకుమ పెట్టి గాని మొదలుపెట్టరు. కొత్త చీరకు కొస మీద ఇంత పసుపు, కొత్త మిక్సీకి ఇంత పసుపు. ఇంట్లోకి వచ్చిన ప్రతి బొమ్మకూ నేను అట్లాగే పెట్టాను. ముఖాన పెడితే బాగుండదని పీఠం అడుగున, తడి పసుపు ఒక్క చుక్క. అదేమీ ఆలోచించి చేసిన పని కాదు. చెప్పులు గడప బయట విడిచినట్టు, చేయి దానంతటది చేసేస్తుంది.

నాకు కావలసిన బొమ్మ ఒకటుండేది. ఈ బొమ్మల లోకంలో అందరూ పదహారేళ్ళ పిల్లలే. సన్నటి నడుము, పెద్ద కళ్ళు, మోకాళ్ళ దాకా జుట్టు. నేను చూసే ఒక కథలో మాత్రం ఒక ముసలామె ఉంది. ఊరూరూ తిరిగి చిరిగిన బట్టలు కుడుతుంది. ఆమెకు మంత్రాలు రావు, కత్తి పట్టదు, కథలో ఎవరూ ఆమెను పెద్దగా పట్టించుకోరు. ఆమె బొమ్మను కొద్దిగానే చేశారట, ఎవరూ కొనరని. దాని ఫోటో చూసిన రోజు నుంచి నాకు అది కావాలి. నేల మీద కూర్చుని, ఒక కాలు మడిచి, ఒడిలో గుడ్డ వేసుకుని, కుడిచేత్తో సూది పైకెత్తి, కళ్ళు చిట్లించి చూస్తూ ఉంటుంది. అద్దంలో నన్ను నేను అంత శ్రద్ధగా ఎప్పుడూ చూసుకోలేదు.

మా చుట్టుపక్కల ఊళ్ళలో ఈ బొమ్మలు దాచుకునేవాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. చెల్లెలి కూతురే నన్ను చేర్చింది. ఆ గ్రూపు నడిపేది పెనుకొండలో సెల్ ఫోన్ల అంగడి పెట్టుకున్న ఒకతను. అక్కడి కార్ల ఫ్యాక్టరీకి వచ్చిపోయే పైదేశం ఇంజనీర్లు సిమ్ముల కోసం అతని అంగడికి వస్తారు. వాళ్ళను పట్టుకుని బొమ్మలు తెప్పించి అమ్ముతాడు. ఒకరోజు అతను ముసలామె ఫోటో పెట్టాడు. అమ్మడు, మార్పిడికి ఇస్తాడట. నా కత్తి పిల్లను అడిగాడు. ఆ పిల్ల ఇప్పుడు దొరకడం లేదు, దానికోసం చాలామంది వెతుకుతున్నారు. నేను నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి పంపాను. ఒకటికి ఒకటి అని ఒప్పందమైంది. ఆదివారం హిందూపురంలో యానిమే మేళా, అక్కడ చేతులు మార్చుకుందామన్నాడు.

మార్పిడికి పెట్టే బొమ్మకు ఏ మచ్చ ఉన్నా, గీత ఉన్నా, విరుగు ఉన్నా ముందే చెప్పాలని గ్రూపులో నియమం. చదివాను. పసుపు నాకు గుర్తు రాలేదు. అది మచ్చ అని నా బుద్ధికి తోచనే లేదు.

మేళా కళ్యాణ మండపంలో పెట్టారు. గేటు దగ్గర టికెట్లు చూసే అమ్మాయి నన్ను ఆపింది. "ఆంటీ, పేరెంట్సుకు ఆడ కుర్చీలు వేసినాము, ఆడ కూచోండి."

"నేను ఎవురికీ పేరెంటు కాదమ్మా. టికెట్టు నాదే."

ఆ పిల్ల టికెట్టు చూసి, నన్ను చూసి, పక్కనున్న నా చెల్లెలి కూతురిని చూసింది. అది నవ్వు ఆపుకుంటోంది. లోపల పెళ్ళివారి వేదిక మీద బంగారు రంగు కుర్చీల్లో నీలం జుట్టు, ఊదా జుట్టు విగ్గులు పెట్టుకున్న పిల్లలు కూర్చుని ఫోటోలు దిగుతున్నారు. భోజనాల హాల్లో అన్నం బల్లల మీద బొమ్మలు పేర్చారు. నిన్నటి పెళ్ళి సాంబారు వాసన ఇంకా పోలేదు. ఒక బల్ల మీద అన్నీ దొంగ సరుకు, కళ్ళు ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నాయి. దగ్గరికి పోయి చూస్తుంటే "అవ్వా, ముట్టుకోవద్దు" అన్నాడు ఆ బల్ల వెనక కూర్చున్న అబ్బాయి. నా వెనకాలే వచ్చిన తెల్లజుట్టు విగ్గు పిల్లకు మాత్రం చేతికిచ్చి చూడమన్నాడు. నా తెల్లజుట్టు పెట్టుడు జుట్టు కాకపోవడమే నా తప్పు.

పెనుకొండ అతనికి ముప్పై దాటి ఉంటాయి. నల్ల టీషర్టు, చేతులకు తెల్ల గ్లౌజులు. ముసలామె అతని ముందర అట్టపెట్టెలో, ముందున్న ప్లాస్టిక్ కాగితం వెనక కూర్చుని ఉంది. నేను కత్తి పిల్లను పెట్టెలోంచి తీసి ఇచ్చాను. గ్లౌజుల వేళ్ళతో జుట్టు చూశాడు, కత్తి చూశాడు, తల ఊపాడు. తర్వాత తిప్పాడు.

"ఇదేందమ్మా?"

"పసుపు."

"పసుపు యాడ నుంచి వచ్చె?"

"నేనే పెట్టినా. కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే పెట్టమా?"

"బండికి పెట్టండి, బీరువాకు పెట్టండి. ఫిగరుకు పెడితే ఎట్లా తల్లీ? ప్లాస్టిక్ తాగేసుకుంటాది, ఇంక జన్మలో పోదు." అప్పుడే టార్చి వేశాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిప్పాడు. "చూడండబ్బా, పూజ చేసిన ఫిగరు. హారతి కూడా ఇచ్చినారేమో అడగండి."

నవ్వారని ముందే రాశాను.

నా చెల్లెలి కూతురు ముందుకు వచ్చింది. "అడుగున ఉండాది కదన్నా. నిలబెడితే కనపడదు."

"కనపడేది కనపడనిది కాదు పాపా. రూలు రూలే. ముందు చెప్పల్ల. ఇప్పుడు ఒకటికి ఒకటి కుదరదు. ఇంకొకటి కలిపి ఇయ్యల్ల."

"ముందు ముసలామెను నా చేతికియ్యప్పా, చూస్తా" అన్నాను.

"గ్లౌజులు తెచ్చినారా? చేతికి చెమట, జిడ్డు ఉంటాదమ్మా. పెట్టెలోనే చూడండి."

నా చేతికి జిడ్డు. నలభై ఏళ్ళుగా తెల్ల పట్టు, పాలపిట్ట రంగు పట్టు, పసుపచ్చ పట్టు ఈ వేళ్ళ మధ్య నుంచి పోయాయి. ఒక్క పోగు మీద మాసిన గుర్తు లేదు. ఈ మాట అక్కడ అనాలి కదా, అనలేదు. కత్తి పిల్లను లాక్కుని పెట్టెలో పెట్టుకుని బయటికి వచ్చేశాను. ఆ రోజు అనలేని మాటలు ఇప్పటికీ పాత్రలు తోముతూ అంటున్నాను.

బయట నా చెల్లెలి కూతురు నాదే తప్పంది. "చెప్పాల్సింది పెద్దమ్మా."

"నా ఇంట్లో ప్రతిదానికీ ఉండాది. నీకు తెలీదా?"

"తెలుసు. అడుగున కదా, ఎవురు చూస్తారులే అనుకుంటి."

తప్పు ఉంది, ఒప్పుకుంటున్నాను. చీర నేస్తుండగా నూనె మరక పడితే, నేసినవాడే షావుకారు ముందు మడత విప్పి, వేలుపెట్టి చూపిస్తాడు. దాచిపెట్టి ఇచ్చినవాడికి మళ్ళీ పడుగు ఇవ్వరు. ఇది నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అయితే ఆ షావుకారు కూడా మరకను ఎత్తి వీధిలో పోయేవాళ్ళకు చూపించి నవ్వడు.

సాయంత్రం నన్ను ప్యాసింజరు బండి ఎక్కించి నా చెల్లెలి కూతురు దాని గదికి వెళ్ళిపోయింది. బండి కదలబోతుండగా అతను ఎక్కాడు. పెనుకొండకు అదే బండి. చేతిలో పెద్ద పెట్టె. నన్ను చూశాడు, అటూ ఇటూ చూశాడు, వచ్చి ఎదురుగానే కూర్చున్నాడు. గ్లౌజులు లేవు.

"అమ్మకు కోపమొచ్చినట్టుండాది."

నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

"యాపారంలో నాలుగు మాటలంటాం. మనసులో పెట్టుకోవద్దు."

"నవ్వింది కూడా యాపారమేనా?"

పల్లీలమ్మే ఆమె వస్తే కొని నాకు ఒక పొట్లం చాపాడు. నేను తీసుకోలేదు. "సరేమ్మా, ఒకటికి ఒకటే ఇచ్చేస్తా. మీరు పెద్దోళ్ళు."

"పెద్దోళ్ళమని ఇస్తాండావా, కత్తి పిల్ల కావల్లని ఇస్తాండావా?"

"రెండూ అనుకోండి."

"అయితే చేతికియ్యి."

ఇవ్వడానికి ముందు ఆలోచించాడు. అది నేను చూశాను. అప్పుడు జిడ్డు గురించి ఆలోచిస్తున్నాడనుకుని ఇంకా మండింది. చివరికి పెట్టె తెరిచి ఇచ్చాడు.

అరచేతిలో పట్టేంత ఉంది. ఒడిలో గుడ్డకు చిరుగు కూడా చెక్కారు, ఆ చిరుగు పీచులతో సహా. మోకాలి మీద అతుకు గుడ్డ, మెడ మీద ముడతలు. కిటికీ దగ్గర వెలుతురు తగ్గుతోంది, నా కళ్ళు అంతంత మాత్రం. అందుకని వేలితో చూశాను. భుజం, మోచేయి, ముంజేయి. సూది పట్టుకున్న చేతి మణికట్టు దగ్గర బొటనవేలు ఆగింది. మళ్ళీ వెనక్కి పోయి, మళ్ళీ వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఈ చెయ్యి విరిగింది" అన్నాను.

"ఏందమ్మా?"

"విరిగితే అతికించి రంగేసినావు."

"ఫ్యాక్టరీలోనే అట్ల వస్తాది. జాయింటు."

"నా దగ్గర పదకొండుండాయప్పా. ఫ్యాక్టరీ గీత నిలువునా ఉంటాది. ఇది అడ్డంగా ఉండాది. గమ్ము ఎక్కువైంది, పక్కకు పొంగింది. దాని మీద రంగేస్తే కంటికి తెలీదు. వేలికి తెలుస్తాది."

అతను చుట్టూ చూశాడు. "మెల్లిగా మాట్లాడమ్మా."

పొద్దున మెల్లిగా మాట్లాడాల్సిందని అతనికి ఎవరూ చెప్పలేదు. తెల్ల గ్లౌజులు వేసుకుని, నా బొమ్మ అడుగున టార్చి వేసి, ఇంకొకటి కలిపి ఇమ్మని అడిగిన మనిషి. నా చేతికి చెమట అని ముసలామెను పెట్టెలోనే ఉంచింది ఎందుకో అప్పుడు తెలిసింది. అవమానం ఒక ఎత్తు. ఆ అవమానం కూడా ఒక ఎత్తుగడేనని తెలియడం ఇంకో ఎత్తు. బొమ్మను ఒడిలో పెట్టుకున్నాను.

"నేను విరగ్గొట్టలేదమ్మా. నాకే అట్లా వచ్చె. నేనూ మోసపోయినా."

"మోసపోయి, నాకు అంటగట్టల్లని చూసినావు."

"మీకు కావల్లంటే తీసుకోండి. గ్రూపులో మాత్రం పెట్టొద్దు. నా యాపారం దాని మీదే ఉండాది. ఇంట్లో ఇద్దరు పిల్లోళ్ళు."

అప్పుడు నేను దాన్ని అతని ఒళ్ళో పడేసి ఉంటే బాగుండేది. నా మర్యాద నాకుండేది. కాని నా వేలు ఇంకా ఆ మణికట్టు మీదే ఉంది. పెనుకొండ కొండ కిటికీలోకి వచ్చేసింది. ఇంకో అయిదు నిమిషాల్లో అతను దిగిపోతాడు, ముసలామె కూడా దిగిపోతుంది. నాకు ఆమె కావాలి. విరిగిన చెయ్యితోనైనా కావాలి. ఆ కోరిక మీద కూడా నాకు కోపమే.

అతికే పనిలో మాకొక పద్ధతి ఉంది. పడుగులో ఇంకొకామె వేసిన చెడ్డ అతుకు కనిపిస్తే, దాన్ని తెంపి మళ్ళీ అతికి ముందుకు పోతాం. షావుకారుకు చెప్పం. రేపు నా అతుకు ఇంకొకరి వేలికి తగలొచ్చు. ఆ అలవాటు కొద్దీ నోరు తిరిగింది. "నీ అతుకు గురించి గ్రూపులో రాయను. ఒకటికి ఒకటి" అన్నాను. కత్తి పిల్లను ఇచ్చాను. బండి ఆగింది. అతను పెట్టె సర్దుకుని, "వస్తానమ్మా" అని కూడా అనకుండా దిగిపోయాడు. ధర్మవరం దాకా ముసలామెను ఒడిలో పట్టుకుని కూర్చున్నాను. సంతోషంగా ఉండాల్సింది, లేదు.

ఎనిమిది రోజులకు గ్రూపులో నా కత్తి పిల్ల ఫోటోలు వచ్చాయి. నాలుగు ఫోటోలు, నాలుగూ పైనుంచి తీసినవే. కింద అతని రాత: "కొత్తదానిలాగే ఉంది. మచ్చ లేదు, మరక లేదు. ముందు అడిగినవాళ్ళకే."

కదిరి నుంచి ఒక అమ్మాయి వెంటనే రాసింది. మేళాకు రాలేకపోయిందట. దీనికోసం రెండేళ్ళుగా వెతుకుతోందట, ఇదే ఆమె కొనబోయే మొదటి అసలు బొమ్మ అట. మిగతావాళ్ళు బొటనవేళ్ళు, ఎర్ర గుండెకాయలు పెట్టారు. ఆ పెట్టినవాళ్ళ పేర్లు చదివాను, పేర్ల పక్కనున్న ఫోటోలు చూశాను. ఆ రోజు టార్చి వెలుతురులో తలలు వంచి చూసిన పదిమందిలో ఆరుగురు అందులో ఉన్నారు. నవ్విన ఇద్దరూ ఉన్నారు. మధ్యాహ్నం దాకా చూశాను, ఎవరైనా ఒక్క మాట రాస్తారేమోనని. ఎవరూ రాయలేదు. అతని మీద ఎంత కోపం వచ్చిందో వీళ్ళ మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. నా మరక నవ్వడానికి పనికొచ్చింది గాని, ఆ పిల్లకు చెప్పడానికి పనికిరాలేదు.

నేనే రాశాను. "ఈ బొమ్మ నా దగ్గర నుంచి పోయింది. పీఠం కింద పసుపు మరక ఉంది. మినపగింజంత. పోదు. చూసి తీసుకోండి."

అయిదు నిమిషాలకు అతని ఫోను.

"ఏమమ్మా, మాటిచ్చి తప్పినావే."

"అతుకు గురించి ఇచ్చినా. దాని మీద ఒక్క అక్షరం రాయలేదే."

"ఇది మాత్రం రాయొచ్చునా? మరక నీదే కదా."

"నాదే. అందుకే చెప్పినా. ముందు చెప్పల్ల అని నువ్వే కదప్పా నేర్పించింది, పదిమంది ముందర."

అతను ఇంకేదో అన్నాడు, రాయదగ్గ మాట కాదు. ఫోను పెట్టేశాడు. పొద్దు వాలకముందే నన్ను గ్రూపులోంచి తీసేశారు.

ఫ్యాక్టరీ షిఫ్టు అయ్యాక నా చెల్లెలి కూతురు ఫోను చేసింది. దాని గొంతులో భయం ఉంది. ఆ గ్రూపు దానికి స్నేహితులున్న చోటు.

"పెద్దమ్మా, సారీ చెప్తే మళ్ళా చేర్చుకుంటామంటాండారు."

"ఎవురు చెప్పల్ల?"

"నువ్వు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా. అడిగి చెప్తానంటి."

"అడిగినావు కదా. అయిపాయ."

వెనక ఫ్యాక్టరీ బస్సు హారను వినబడుతోంది. తర్వాత మెల్లిగా అంది, "ఆ కదిరి పిల్ల నీ నంబరు అడిగింది. ఇయ్యాల్నా?"

"ఇయ్యి" అన్నాను.